ఆసుపత్రి ముందు పంతొమ్మిది కానుగలు

మా ఊరి ఆసుపత్రి ముందు కార్లు నిలిపే స్థలంలో, గేటు పక్క గదిలో కూర్చుని నేను పదిహేడేళ్లు చీటీలు ఇచ్చాను. వచ్చేవాళ్ల ముఖాలూ పోయేవాళ్ల ముఖాలూ చూసి చూసి సగం ఊరు నాకు తెలుసు. అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆత్వాన్. కాగితాల మీద పేరు చాన్ సియుత్వాన్. మెరిసే పట్టుబట్ట అని దానర్థం. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే తన రెండు చేతులూ చాపి చూపించేది. గోళ్ల సందుల్లో నల్లమట్టి, అరచేతుల్లో కాయలు. "మా అమ్మ ఇవి చూడకుండా పెట్టేసింది పేరు" అనేది.

చాంగ్‌హువా జిల్లా దక్షిణాన మా పల్లెలన్నీ మొక్కల తోటలే. వరి మానేసి చాలా ఏళ్లయింది. తైవాన్‌లో ఏ రోడ్డు పక్క చెట్టు కనబడినా అది మా నేలలో మొలిచిందేనని మావాళ్లు గొప్పలు పోతారు. ఆత్వాన్ ఆ తోటల్లోనే పుట్టింది, ఆ తోటల్లోనే పెళ్లాడింది. మొగుడు ఖూ కిమ్‌ప్యావ్‌ది కూడా ఇదే పని. కంట్రాక్టర్లు పిలిచిన చోటికి వెళ్లి మొక్కలు నాటి వచ్చేవాళ్లు. బడి, బ్యాంకు, కాలవగట్టు, ఏదైనా సరే. ఏ చెట్టు నాటాలో వాళ్లను ఎవరూ అడిగేవారు కాదు. లారీలో ఏది వస్తే అది నాటేవాళ్లు.

ఈ ఆసుపత్రి కట్టిన ఏడు లారీలో ఏడాకుల పాల చెట్లు వచ్చాయి. మొత్తం నలభై నాలుగు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అవే. తొందరగా పెరుగుతాయి, నిటారుగా ఉంటాయి, అడుగు ఎత్తుకో అంతస్తులా కొమ్మలు వేస్తాయి. కార్ల స్థలం చుట్టూ తారు కోసి, రెండు అడుగుల గుంటలు తీసి, ఎనిమిది రోజుల్లో అన్నీ నాటేశారు. తొమ్మిదో రోజు ప్రారంభోత్సవం. అప్పుడు ఆత్వాన్ వయసు ముప్ఫై ఒకటి. మూడేళ్లు తిరిగేసరికి నీడ వచ్చింది. "దీని కింద నుంచి నడుస్తుంటే అప్పుడు ఎంత గర్వంగా ఉండేదో చెల్లీ" అని నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ గర్వం మీద తనకే విసుగు పుట్టినట్టు తల తిప్పుకునేది.

తర్వాత ఆ చెట్లు ఏం చేశాయో నేను కళ్లారా చూశాను. వేళ్లు పైకి లేచి తారును దుప్పటిలా ఎత్తేశాయి. స్కూటర్లు జారి పడేవి. ఒక వేరు నా గది కిందికి వచ్చి నేలను ఎంత ఎత్తిందంటే, తలుపు మూతపడక ఒక చలికాలమంతా తాడుతో కట్టుకుని కూర్చున్నాను. అక్టోబరు వచ్చి పూత పడితే ఆ ఘాటుకు రోగులు ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తేవాళ్లు. తుఫాను వచ్చిన ప్రతి ఏడూ కొమ్మలు విరిగి కార్ల మీద పడేవి.

అలాంటి ఒక తుఫానుకు ముందు కొమ్మలు దించడానికి కిమ్‌ప్యావ్ చెట్టెక్కాడు. కాలు పెట్టిన కొమ్మ తొడంత లావుంది, లోపల మాత్రం బెండు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. నేను తల ఎత్తేసరికి అతను తారు మీద పక్కకి తిరిగి పడి ఉన్నాడు. ఆసుపత్రి తలుపు యాభై అడుగుల దూరంలోనే ఉండటం అతని అదృష్టమని అందరూ అన్నారు. ప్రాణం దక్కింది. నడుము కింద బలం మాత్రం తిరిగి రాలేదు.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఆత్వాన్ అతన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వ్యాయామాలు చేయించే విభాగానికి తీసుకొచ్చేది. కారు నిలిపే ముప్ఫై ఒకటో నంబరు గడి దగ్గర ఒక పెద్ద వేరు దారికి అడ్డంగా పొర్లి ఉండేది. కుర్చీ చక్రం అక్కడ ఆగిపోయేది. ఆమె కుర్చీని వెనక్కి తిప్పి, వీపు వంచి, వెనక చక్రాలను ముందు దాటించి లాక్కునేది. నా కిటికీలోంచి ఆ ఇద్దరి మాటలూ వినబడేవి.

"ఏమే, నీ చెట్టు మళ్లీ కాలు అడ్డం పెట్టింది."

"నా చెట్టేంటి? గొయ్యి తీసింది నువ్వు."

"తీయించింది నువ్వు. ఇంకా లోతెందుకు, పొద్దెక్కిందన్నావు."

"నోరు మూసుకుని వెనక్కి ఆనుకో. లేకపోతే ఇక్కడే వదిలేసి పోతా."

"పో. నేను టాక్సీ ఎక్కి పోతా. ఆ టాక్సీవాడి పెళ్లాం బాగా వండుతుందట."

ఆమె నవ్వేది కాదు. ముఖం తుడుచుకుని తోసుకుపోయేది. ఏడేళ్లు ఇలాగే గడిచాయి. అతన్ని లోపల దించి, తిరిగి వచ్చి నా గది పక్కన చిన్నగోడ మీద కూర్చునేది. డబ్బాలో తెచ్చుకున్న అన్నం, చిలగడదుంప ఆకు కూర సగం తిని మూత పెట్టేసేది. మిగతా రోజుల్లో తోటల్లో కూలికి వెళ్లేది. కూర్చున్నచోటే నిద్రపోవడం ఆమెకు ఆ ఏళ్లలోనే అలవాటైంది.

ఒక ఆగస్టులో గాలి కూడా లేకుండా పెద్ద కొమ్మ విరిగి డయాలసిస్ రోగులను తెచ్చే వ్యాను మీద పడింది. లోపల ఎవరూ లేరు కనుక సరిపోయింది. ఆ వారమే ఆసుపత్రివాళ్లు చెట్లన్నీ తీసేసి కొత్తవి నాటాలని తీర్మానించారు. కంట్రాక్టు వెన్ అనే ఆయనకు వచ్చింది. ఎప్పుడూ వక్క నములుతూ, ఎర్రటి నోటితో ఫోనులో అరుస్తూ ఉండే మనిషి. నేరుగా చిన్నగోడ దగ్గరికే వచ్చాడు.

"అక్కా, ఈ నేల కింద పైపులెక్కడున్నాయో నీకు తప్ప ఎవడికీ తెలీదు. వరద వచ్చినప్పుడు నక్షాలన్నీ తడిసిపోయాయట. పనికి నువ్వు రావాలి."

"నా మోకాళ్లు చూశావా, వెన్?"

"మోకాళ్లతో పనేముంది, నోటితో చెప్పు చాలు. ఏ చెట్లు కావాలో కూడా నువ్వే చెప్పు. పనుల విభాగంలో కో గారున్నారే, ఆయన నన్నడిగాడు. నాకు తెలిసిన చెట్టు వక్కచెట్టు ఒక్కటే."

"ఏదో ఒకటి నాటుకోండి" అంది ఆత్వాన్.

ఆ మాట కిమ్‌ప్యావ్‌కు చేరింది. నేనే చెప్పాను. అతను కుర్చీలోంచే కసిరాడు. "ఏదో ఒకటా? ఆ ఏదో ఒకటి మీద నుంచే నేను పడ్డాను. పోయినసారి ఆఫీసులో చల్లగా కూర్చున్నవాడు చెప్పాడు, మనం నాటాం. ఈసారి అడుగుతున్నారు కదే. చెప్పడానికి నీకేం నొప్పి?"

"నొప్పి లేనిదెక్కడో చెప్పు" అంది ఆమె. అయినా మర్నాడు ఉదయమే వచ్చింది.

మూడు రోజులు ఆ గోడ మీదే కూర్చుంది. పడమటి ఎండ ఏ గడులమీద ఎంతసేపు పడుతోందో, గాలి ఎటునుంచి వస్తోందో, పిల్లలు ఏ కార్ల మధ్య నుంచి పరుగెత్తుతున్నారో చూసింది. దారినపోయేవాళ్లను ఆపి ఎలాంటి చెట్టు కావాలని అడిగింది. అందరికీ నీడ కావాలి. దాని తర్వాత మొదలయ్యేది అసలు కథ.

"ఆకులు రాలకూడదు పిన్నీ, నా కారుకి ఈ మధ్యే రంగు వేయించా" అని ఒక నర్సు.

"కాయలొద్దు, పిట్టలొస్తాయి. పిట్టలొస్తే రెట్టలేస్తాయి" అని ఒక ముసలాయన.

"పూలు కావాలిగానీ వాసన ఉండకూడదు. తేనెటీగలు అసలు ఉండకూడదు" అని ఇంకొకామె.

టాక్సీ నడిపే ఓంగ్ బాబాయ్ అందరూ చెప్పిందీ విని పళ్లు కుట్టుకునే పుల్ల నోట్లోంచి తీశాడు. "వీళ్లకి ఇనప చెట్టు నాటు ఆత్వాన్. దానికీ తుప్పు రాలుతుందని ఏడుస్తారు."

ఆ మూడు రోజుల్లో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

చివరికి పడమటివైపూ మధ్య వరసలోనూ కానుగలు కావాలంది. కానుగ వేరు లోపలికి దిగుతుంది, కొమ్మ తొందరగా విరగదు, సముద్రపు గాలికి అలవాటుపడ్డ చెట్టు. ఆకు రాలుతుంది, శరదృతువులో ఊదాపూలు రాలుతాయి, ఆ సంగతి దాచలేదు. గేటు దగ్గర చెట్టే వద్దంది. బయటికి వచ్చే కారుకు రోడ్డు కనబడాలి కనుక మోకాలెత్తు దాటని నూరు వరహాల పొదలు చాలంది. నడకదారి వెంట మందారాలు అడిగితే కాదంది. వాటికి పేనుబంక పడుతుంది, రోగుల చేతులకు జిగురంటుతుంది. బదులుగా కరివేప జాతిదే, తెల్లపూలు పూసే కంచెమొక్కను చెప్పింది. అది ఎంత కత్తిరించినా ఓర్చుకుంటుంది.

ఇవన్నీ కో గారు తలూపుతూ రాసుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. తర్వాత ఆత్వాన్ అసలు మాట చెప్పింది. గుంటలు వద్దు, మధ్య వరసలో ఆరడుగుల వెడల్పున పొడుగాటి మట్టిపట్టీ కావాలి, దానికోసం పదకొండు కార్ల గడులు పోతాయి.

ఆయన కలం ఆగింది. "పిన్నిగారూ, ఒక్క గడి తగ్గినా నన్ను నిలదీస్తారు. మీరు పదకొండంటున్నారు. పాత గుంటల్లోనే నాటొచ్చుగా?"

"పాత గుంటల్లో నాటితే పాత కథే."

"నాకు గుంటలతోనే నక్షా ఇచ్చారండీ."

ఆమెకు వాదించే ఓపిక లేదని నాకు కనబడుతూనే ఉంది. లేచి వెళ్లిపోయింది.

చెట్లు తీసే పని మొదలైంది. ముప్ఫై ఒకటో గడి దగ్గరి చెట్టును యంత్రం వేళ్లతో సహా పైకి లాగింది. అప్పుడు పొద్దున పది దాటింది. నేను గదికి తాళం వేసి చూడటానికి వెళ్లాను. వేళ్లూ మట్టీ కలిసిన వేరుబంతి పక్కకి దొర్లింది. ఆత్వాన్ దగ్గరికెళ్లి చేత్తో మట్టి దులిపింది. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు రాలాయి. వాటి కింద నీలంరంగు నైలాన్ తాడు బయటపడింది. ఇరవై మూడేళ్ల కిందట తోటలో మట్టి విడిపోకుండా వేరుబంతికి చుట్టిన తాడు. రంగు కూడా పోలేదు. వేళ్లు దానికి ఒరుసుకుని, దారి దొరక్క గుంట గోడల వెంట గుండ్రంగా తిరిగి, ఆఖరికి పైకి లేచాయి. తాడు చివర ఒక ముడి ఉంది. ఎడమచేతివాటం వాళ్లు వేసే ముడి.

ఆత్వాన్‌ది ఎడమచేతి వాటం.

మట్టిలోనే కూలబడింది. యంత్రం నడిపేవాడు ఇంజను ఆపేశాడు. కో గారు కంగారుగా వచ్చి ఏమైందని అడిగాడు.

"ఈ ముడి నాదే" అంది. "తాడు కోయకుండా నాటాం. తెలీక కాదు. కోస్తూ కూర్చుంటే రోజుకి మూడు చెట్లు కూడా కావు. తొందరగా కానివ్వమన్నారు, కానిచ్చాం. సంవత్సరం బతికితే చాలు, ఆ తర్వాత అడిగేవాడు లేడు. దీన్ని నేను ఊపిరాడకుండా చేశాను, ఇది మా ఆయన్ని పడేసింది."

"పిన్నిగారూ, అలా అనకండి."

"అననివ్వు బాబూ. ఇన్నేళ్లుగా చెట్టుని తిట్టాను. చెట్టు చేసిందేముంది?"

కో గారు ఆ వేళ్ల దగ్గర వంగాడు. తన ఫోనుతో ఫోటోలు తీసుకున్నాడు. మూడు రోజుల తర్వాత కబురు వచ్చింది. పదకొండు కుదరదు, ఆరు గడులు ఇస్తారు. ఆ పట్టీలోనూ పడమటి గోడ వెంటా కలిపి లెక్క చూస్తే పంతొమ్మిది చెట్లకే చోటు. నలభై నాలుగు తీసి పంతొమ్మిది నాటడమేంటని వెన్ నెత్తి కొట్టుకున్నాడు. ఆత్వాన్ ఇరవయ్యోది ఒప్పుకోలేదు.

నాటడం ఫిబ్రవరిలో, సన్నటి చలివానలో జరిగింది. ఆమె తోటకు వెళ్లి ఒక్కో కానుగనూ తట్టి, చుట్టూ తిరిగి, పైచివర కోయనివాటినే ఏరి తెచ్చింది. పట్టీలో ఉన్న రాళ్లూ రప్పలూ నాలుగడుగుల లోతువరకు తీయించి కొత్తమట్టి పోయించింది. ప్రతి వేరుబంతికీ ఉన్న తాడు విప్పించింది. ఆ పని కిమ్‌ప్యావ్ చేశాడు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద ప్లాస్టిక్ కోటు కప్పుకుని, పొడుగాటి కత్తెరతో కోసేవాడు. కోసిన తాళ్లన్నీ ఒక బకెట్లో వేయించేవాడు.

వెన్ రోజుకి నాలుగుసార్లు వచ్చేవాడు. "అక్కా, నెలాఖరుకి తనిఖీ. నువ్వు వీటికి జడలేస్తున్నావా, నాటుతున్నావా?"

"నీకు తొందరైతే నువ్వు పో."

అన్నంత పనీ చేశాడు. ఇంకోచోట పని ఉందంటూ యంత్రాన్ని తీసుకుపోయాడు. ఏడు చెట్లు మిగిలాయి. ఆత్వాన్, తోటలో ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు, మోకులు కట్టి, చెక్కపలకల మీద దొర్లించి ఆ ఏడింటినీ చేతుల్తోనే దించారు. ఓంగ్ బాబాయ్ కూడా టాక్సీ పక్కన పెట్టి ఒక మోకు పట్టాడు. ఆరోదాని దగ్గర ఆత్వాన్‌కు జ్వరం వచ్చింది. ఆసుపత్రి ముందే ఉండి కూడా లోపలికి వెళ్లనంది. నా గదిలో గంటసేపు కుర్చీ మీద ఒరిగి, అల్లం నీళ్లు తాగి, లేచి ఏడోది నాటింది.

పని పూర్తయ్యాక ఎవరైనా మెచ్చుకుంటారని నేననుకున్నాను. మొదటి వేసవిలో నీడే లేదు. కార్లు పొయ్యి మీద మూకుళ్లలా కాలేవి. ఉన్న నీడంతా కొట్టేసి చీపురుపుల్లలు పాతారని నా కిటికీ దగ్గర నిలబడి తిట్టని మనిషి లేడు. ఫిర్యాదుల పెట్టె నిండిపోయింది. ఆరు గడులు ఎందుకు తగ్గాయని కో గారిని పైవాళ్లు పిలిచి అడిగారట. ఆ శీతాకాలంలోనే ఆయన్ని వేరే పనికి మార్చారు. రెండో ఏడు కానుగ ఆకులకు పురుగుపొక్కులు వచ్చాయి. కానుగకు అవి మామూలే, చెట్టుకు ప్రాణహాని లేదు. ఆసుపత్రిలో రోగం పట్టిన చెట్లా అని మళ్లీ గోల. డ్రెయినేజీ మూత దగ్గరున్న నూరు వరహాలు నాలుగైదు చచ్చిపోయాయి.

ఈ మాటలన్నీ ఆత్వాన్ చెవిన పడుతూనే ఉండేవి. మంగళవారం, శుక్రవారం మొగుణ్ణి లోపల దించి వచ్చి, గొట్టంతో ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి నీళ్లు పెట్టేది. ఒకరోజు ఒకాయన కారులోంచే అరిచాడు. "ఏమ్మా, వీటి నీడలో కూర్చోడానికి నా మనవడు రావాలా?"

"మీ మనవడు ఎన్నో క్లాసు?" అని అడిగింది.

"రెండు."

"వాడు స్కూటరు నడిపేనాటికి వస్తుంది" అని గొట్టం పక్క చెట్టుకు మార్చుకుంది. అది వెటకారం కాదు. ఆమె నిజంగానే లెక్కేసి చెప్పింది.

"ఇంత చేసి ఈ మాటలెందుకు పడతావక్కా, జీతమా భత్యమా?" అని నేనడిగాను.

"ఎలాగూ ఇక్కడ రెండు గంటలు ఆగాలి కదా" అంది. గొట్టం సర్దుకుంటూ మళ్లీ తనే అంది, "నాటినవన్నీ వదిలేసి వెళ్లిపోయినదాన్నే చెల్లీ. ఎన్నో ఊళ్లల్లో. ఏది బతికిందో ఏది చచ్చిందో ఒక్కదాని సంగతీ తెలీదు. ఇంక అన్నిచోట్లకీ తిరిగే కాళ్లు లేవు."

మూడో ఏడు సెప్టెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. మర్నాడు ఉదయం నేను డ్యూటీకి వెళ్లేసరికి రోడ్డు మీద బోర్డులు, రేకులు పడున్నాయి. కానుగల్లో ఒకటి కొంచెం ఒరిగింది. పడినది లేదు. ఆత్వాన్ అప్పటికే వచ్చి ఒరిగినదానికి వెదురుకర్ర ఊతం కడుతోంది. సంతోషంగా ఉందా అని అడిగితే, "నడుం పట్టేసింది, ఆ తాడు ఇటు అందించు" అంది.

నాలుగో ఏటికి మధ్యాహ్నం మూడింటికి పడమటి వరసలో కార్ల ముందుభాగం మీద నీడ పడటం మొదలైంది. ఆ గడుల కోసం ఇద్దరు కొట్టుకోబోతే నేను వెళ్లి విడదీశాను. తిట్టినవాళ్లే అందులో కారు పెట్టుకుని అద్దాలు దించి నిద్రపోయేవాళ్లు. వాళ్లలో ఎవరూ ఆత్వాన్ పేరు ఎత్తలేదు. అసలు వాళ్లకు ఆ పేరు తెలీదు. కిమ్‌ప్యావ్ కుర్చీ మాత్రం గేటు నుంచి తలుపుదాకా ఎక్కడా ఆగకుండా పోయేది. "దారి బాగైపోయింది, తిట్టుకోడానికేం లేదు, విసుగ్గా ఉంది" అని అతను గొణిగేవాడు.

అయిదో ఏడు నా గది తీసేసి చీటీలిచ్చే యంత్రం పెట్టారు. నేను ఇంటికొచ్చేశాను. కిందటి నెల పళ్లు చూపించుకోడానికి అక్కడికి వెళ్తే, పడమటి వరసలో ఆ ఇద్దరూ కనబడ్డారు. కింది కొమ్మలు దించే ఏడు అది. ఆసుపత్రివాళ్లు ఎవరినైనా పంపేలోగా, ఎవడో వచ్చి చెట్ల తలలు నరికేస్తాడన్న భయంతో ఆత్వాన్ తనే వచ్చిందట. చెట్టెక్కలేదు. పొడుగు కర్రకు కట్టిన రంపాన్ని నేల మీద నుంచే పైకెత్తి కోస్తోంది. భుజాలు వణుకుతున్నాయి. కిమ్‌ప్యావ్ కుర్చీలో తల వెనక్కి వాల్చి చూస్తున్నాడు.

"అది కాదే, పక్కది. లోపలికి తిరిగిందే, అది."

"కళ్లు కనబడుతున్నాయి నాకు."

"కనబడితే అదెందుకు కోస్తున్నావు? మొదట్లో కింద గాటు పెట్టు. బెరడు చీరుతుంది."

ఆమె రంపం దించి, కింద గాటు పెట్టి, మళ్లీ పైనుంచి కోసింది. కొమ్మ ఇద్దరికీ దూరంగా పడింది. ఆమె వెంటనే కర్రకు ఒరిగి కళ్లు మూసుకుని నిలబడింది. నేను వెళ్లి కర్ర అందుకోబోయాను. ఇవ్వలేదు. "కొమ్మలు పక్కకి లాగు, కార్లకి గీతలు పడతాయి" అంది. లాగాను. ఆ రోజు మూడు చెట్లే అయ్యాయి. మిగతావాటికి శుక్రవారం వస్తామని చెప్పి, ఆమె రంపానికి గుడ్డ చుట్టి అతని ఒళ్లో పెట్టి, కుర్చీ గేటు వైపు తిప్పింది.